సువాసన వచ్చింది, దుర్వాసన పోలేదు

జవహర్‌నగర్ డంపింగ్ యార్డు హైదరాబాద్‌లోని యాప్రాల్‌కు తూర్పు ఈశాన్యంగా ఉంది. గాలి అటు నుంచి వీచిన రాత్రి కౌకూర్, యాప్రాల్ ఇళ్ళల్లో అందరూ చేసే మొదటి పని కిటికీలు మూయడం. ఈ మధ్య చాలా ఇళ్ళల్లో దానికి రెండో పని తోడైంది. బల్ల మీది చిన్న యంత్రంలో నీళ్ళు పోసి, నాలుగు చుక్కల నిమ్మగడ్డి నూనె వేసి, స్విచ్ నొక్కడం. తెల్లని తుంపర లేస్తుంది, గది ఘుమఘుమలాడుతుంది, చెత్తకుప్ప సంగతి కాసేపు మరుగున పడుతుంది. ఆ ఆరోమా డిఫ్యూజర్ గాలిని బాగుచేసిందని ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా నిద్రపోతారు. ఆ నమ్మకమే సరైనది కాదు. డిఫ్యూజర్ గాలిలోంచి దేన్నీ తీసెయ్యదు. ఉన్నవాటికి తోడు ఇంకొన్ని కలుపుతుంది, అంతే. దాన్ని కొనేటప్పుడూ వాడేటప్పుడూ గుర్తుంచుకోవలసిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాటలోంచే పుడతాయి.

ముందు ఆ దుర్వాసన సంగతి చూద్దాం. తడిచెత్త గాలి తగలకుండా కుప్పలో కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, గంధకం కలిసిన మరికొన్ని వాయువులను విడుదల చేస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసన వీటిదే. వంద కోట్ల భాగాల గాలిలో కొద్ది భాగాలు ఉన్నా చాలు, మన ముక్కు పసిగట్టేస్తుంది. అదే కుప్పలోంచి ఇంకా ఎక్కువగా వచ్చే మీథేన్‌కు మాత్రం ఏ వాసనా లేదు. పగటిపూట ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది కాబట్టి ఈ వాయువులు చెదిరిపోతాయి. రాత్రి, ముఖ్యంగా చలికాలంలో, నేల త్వరగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న గాలి పొర కూడా చల్లబడి బరువెక్కి కిందనే నిలిచిపోతుంది. పైన ఉన్న వెచ్చని గాలి దానికి గిన్నె మీద మూత పెట్టినట్టు పనిచేస్తుంది. అందుకే మధ్యాహ్నం తెలియని వాసన రాత్రి పదింటికి ఇంట్లోకి వస్తుంది.

నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్ ఆ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టి బంధించదు, విరగ్గొట్టదు. రెండూ పక్కపక్కనే గాలిలో తేలుతుంటాయి. బలమైన వాసన ముందుకు వచ్చి బలహీనమైనదాన్ని మెదడు పట్టించుకోకుండా చేస్తుంది, అంతకుమించి జరిగేదేమీ లేదు. వాసనను నిజంగా తీసెయ్యాలంటే యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కావాలి. ఆ బొగ్గు రంధ్రాల్లో చాలా వాయువులు ఇరుక్కుంటాయి. హెపా ఫిల్టర్ ఒక్కటే ఉంటే దుమ్ము ఆగుతుంది గాని వాయువులు ఆగవు. ఖర్చు లేని ఉపాయం మరొకటి ఉంది. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు కిటికీలన్నీ తెరిచి గదుల్లోని గాలి మారనిచ్చి, పొద్దుగూకే ముందు మూసేయడం.

ఇదంతా తెలిశాక కూడా ఇంట్లో మంచి వాసన కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. మనవాళ్ళు తరతరాలుగా సాంబ్రాణి వేస్తున్నారు, వేసవిలో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుతున్నారు. ఆ తడిక నిజానికి చక్కటి డిఫ్యూజరే. తడి ఆరుతూ గాలిని చల్లబరుస్తుంది, వేళ్ళలోని నూనె మెల్లగా కొద్దికొద్దిగా గదిలోకి వస్తుంది. కరెంటు లేదు, పొగ లేదు, మోతాదు దాటే ప్రమాదం దాదాపు లేదు. సాంబ్రాణి పొగ మాత్రం పొగే. అందులో సన్నని మసి రేణువులుంటాయి. బొగ్గు నిప్పు మీద వేసే సాంబ్రాణి తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ కూడా విడుదల చేస్తుంది. చంటిపిల్లల తలకు ఆ పొగ పట్టే అలవాటుతో పోలిస్తే, సరిగా వాడిన డిఫ్యూజర్ మెరుగు. సరిగా వాడటం ఎలా అన్నదే అసలు విషయం.

దుకాణాల్లో డిఫ్యూజర్ పేరుతో అమ్మేవన్నీ ఒకే రకం పనిముట్లు కావు. ఎక్కువమంది కొనేది అల్ట్రాసోనిక్ రకం. దాని తొట్టి అడుగున నాణెం అంత పింగాణీ బిళ్ళ ఉంటుంది. కరెంటు అందగానే అది సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి నీటి పైపొర చిట్లి, కొన్ని మైక్రాన్ల పరిమాణంలో బిందువులుగా ఎగురుతుంది, నూనె వాటితోపాటు పైకి లేస్తుంది. కంటికి పొగలా కనిపించేది చల్లని నీటి తుంపర. నెబ్యులైజర్ రకంలో నీళ్ళుండవు, ఉత్త నూనెనే గాలి ఒత్తిడితో చిమ్ముతుంది. అది స్పాల హాళ్ళకు, పెద్ద దుకాణాలకు సరిపోతుంది గాని పడకగదికి పనికిరాదు. కింద కొవ్వొత్తి, పైన నూనె గిన్నె ఉండే మట్టి దీపాలు చూడముచ్చటగా ఉంటాయి. కాని ఈ నూనెలు తేలిగ్గా అంటుకుంటాయి. పిల్లలున్న ఇంట్లో, కర్టెన్ దగ్గర వాటిని పెట్టడం నాకు ఏమాత్రం నచ్చదు. సీసాలో వెదురు పుల్లలు గుచ్చిన రకానికి కరెంటు అక్కర్లేదు, కాని ఆపే స్విచ్ కూడా ఉండదు. రోజంతా వాసన వెలువడుతూనే ఉంటుంది, ఎవరైనా తన్నితే సీసా నూనె మొత్తం నేలపాలవుతుంది.

కాబట్టి ఇంటికి అల్ట్రాసోనిక్ రకమే మేలు. కొనేటప్పుడు మూడు సంగతులు చూసుకుంటే చాలు. నీళ్ళయిపోగానే తనంతట తాను ఆగిపోవాలి. 30 నిమిషాలకో గంటకో ఆపే టైమర్ ఉండాలి. తొట్టి మూత పూర్తిగా ఊడివచ్చి, లోపల చెయ్యి పెట్టి తుడవగలిగేంత వెడల్పుండాలి. ఏడు రంగుల లైటు, బ్లూటూత్ స్పీకరు మీ ఇష్టం. తొట్టి ప్లాస్టిక్ మాత్రం నూనెలను తట్టుకునే పాలీప్రొపిలీన్ అయితే మంచిది. నారింజ, నిమ్మ తొక్కల నూనెలో ఉండే లిమొనీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. చవక ప్లాస్టిక్ దాని దెబ్బకు పగులుబారుతుంది.

నీళ్ళ విషయం యాప్రాల్ లాంటి చోట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది రాతినేల. బోరునీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు చాలావరకు గట్టివి. గీజర్ కాయిల్ మీద, కెటిల్ అడుగున పేరుకునే తెల్లని పెచ్చును చూసినవారికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. నీళ్ళు మరిగితే ఆవిరి మాత్రమే పైకి పోతుంది, ఖనిజాలు గిన్నెలోనే మిగులుతాయి. అల్ట్రాసోనిక్ బిళ్ళ అలా కాదు. నీటిని ఖనిజాలతో సహా గాలిలోకి విసురుతుంది. బిందువు ఆరిపోతుంది, సున్నపు రేణువు మిగిలి తేలుతుంది. టీవీ తెర మీద, నల్లటి బల్ల మీద కనిపించే తెల్లటి పొడి అదే, అందులో కొంత మన ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. ఇలాంటి యంత్రాల్లో ఖనిజాలు తక్కువున్న నీళ్ళే పోయాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలాకాలంగా చెబుతోంది. ఇంట్లో ఆర్వో ఉంటే ఆ నీళ్ళు చాలు. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని ఖనిజాలు పూర్తిగా పోవు.

నిన్న మిగిలిన నీళ్ళను ఇవాళ వాడకూడదు. నిలవ నీటిలో బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. యంత్రం వాటినీ తుంపర చేసి గదిలోకి వదులుతుంది. వాడిన ప్రతిసారీ వంపేసి పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. వారానికోసారి కొంచెం తెల్ల వెనిగర్ కలిపిన నీళ్ళతో బిళ్ళ మీది పెచ్చును దూదితో తీసెయ్యండి. గోరుతోగాని కత్తితోగాని గీకితే బిళ్ళ పాడవుతుంది. శుభ్రత పేరిట తొట్టిలో డెట్టాల్, ఫినాయిల్, శానిటైజర్ లాంటివి ఒక్క చుక్క కూడా వెయ్యకండి. దక్షిణ కొరియాలో హ్యూమిడిఫయర్ నీళ్ళలో కలిపే క్రిమిసంహారకాల వల్ల ఎందరో తల్లులు, పసిపిల్లలు ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయారు. ఆ సంగతి 2011లో బయటపడింది. నేల తుడవడానికి, సీసాలు కడగడానికి పనికొచ్చే రసాయనం తుంపరగా ఛాతీలోకి వెళితే ప్రాణాంతకం కాగలదని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. దేవుడి దీపానికి వాడే నూనె, కొబ్బరినూనె, ఒంటికి రాసుకునే ఆయుర్వేద తైలాలు కూడా డిఫ్యూజర్‌లో పోయకూడదు. ఆవిరికాని కొవ్వు బిందువులు ఊపిరితిత్తుల్లో పేరుకుంటే లిపాయిడ్ న్యుమోనియా అనే జబ్బు వస్తుంది.

ఇక చుక్కల లెక్క. ఇది ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే ఒక చుక్క నూనె దాదాపు 45 మిల్లీగ్రాములు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న పడకగదిలో పట్టే గాలి 34 ఘనపు మీటర్లు. తలుపులు మూసి మూడు చుక్కలు పూర్తిగా గాలిలో కలిస్తే ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములు. పది చుక్కలైతే 13. ఇప్పుడు పోలిక కోసం జర్మనీ వారి కొలమానం చూడండి. ఇంటి గాలిలో తేలే సేంద్రియ ఆవిర్లన్నీ కలిపి ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉంటే పెద్దగా ఆందోళన అక్కర్లేదని వారంటారు. 3 దాటితే ఆందోళనకరమంటారు. 10 దాటితే ఆ గది నివాసయోగ్యం కాదంటారు. మన గదిలో కొంత నూనె గోడలకు, పరుపులకు అంటుకుంటుంది, కొంత సందుల్లోంచి బయటికి పోతుంది. కాబట్టి అసలు మోతాదు ఈ లెక్క కన్నా తక్కువే ఉండొచ్చు. అయినా పది చుక్కలు ఎందుకు ఎక్కువో ఈ అంకెలే చెబుతున్నాయి. 100 మిల్లీలీటర్ల నీటికి రెండు మూడు చుక్కలు, తలుపో కిటికీయో కొంచెం తెరిచి, 30 నిమిషాలు. అంతకు మించి అవసరం లేదని నా అభిప్రాయం.

ఎక్కువ వెయ్యడానికి మన ముక్కే కారణం. ఏ వాసనైనా పది ఇరవై నిమిషాల్లో ముక్కుకు అలవాటైపోతుంది. నూనె గాలిలో అలాగే ఉంటుంది, మనకు మాత్రం తగ్గినట్టు అనిపిస్తుంది. మళ్ళీ రెండు చుక్కలు వేస్తాం. బయట నుంచి వచ్చిన చుట్టం గుమ్మంలోనే దగ్గుతాడు, ఇంట్లోవాళ్ళకు ఏమీ తెలియదు. కాబట్టి ఎప్పుడు ఆపాలో గడియారం చెప్పాలి, ముక్కు కాదు. తైవాన్‌లో స్పాలలో పనిచేసే 100 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద జరిపిన పరిశీలనలో ఒక ఆసక్తికరమైన విషయం బయటపడింది. బెర్గామోట్ నూనె ఆవిరి పీల్చినప్పుడు మొదటి గంటలో రక్తపోటు, గుండె వేగం కొద్దిగా తగ్గాయి. గంట దాటాక రెండూ తిరిగి పెరిగాయి. హాయి కోసం పెట్టుకున్నది హాయినిచ్చేది ఆ మొదటి గంటలోనే.

గాలిలో కలిసిన నూనె అలాగే ఉండిపోదు కూడా. లిమొనీన్, పైనీన్ లాంటి టెర్పీన్లు ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్‌గా, అతి సన్నని రేణువులుగా మారతాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఊరి గాలిలో ఓజోన్ పెరుగుతుంది. అయొనైజర్ ఉన్న కొన్ని ప్యూరిఫయర్లు కూడా ఓజోన్‌ను వదులుతాయి. అలాంటి ప్యూరిఫయర్‌నూ డిఫ్యూజర్‌నూ ఒకే గదిలో కలిపి నడపకండి.

ఈ నూనెలు ఎవరికి పడవు అన్న ప్రశ్న దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగదలచుకున్నాను. ఈ ఊరి ముక్కుకు నీలగిరి తైలం కొత్త కాదు. 1920 నుంచి హైదరాబాద్‌లో తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లో ముఖ్యమైన దినుసు అదే. జలుబు చేస్తే ఒక చుక్క వేడినీళ్ళలో వేసి రెండు నిమిషాలు ఆవిరి పట్టడం పెద్దలకు అలవాటు. అదే నూనెను రాత్రంతా గదినిండా పట్టించడం పూర్తిగా వేరే పని. నీలగిరిలోని సినియోల్, కర్పూరం నాడీకణాలను రెచ్చగొట్టగలవు. దక్షిణ భారతదేశంలోని కొన్ని ఆస్పత్రుల వైద్యులు నాలుగేళ్ళ పాటు మూర్ఛతో వచ్చిన పెద్దవారిని నూనెలు, బామ్‌ల వాడకం గురించి అడిగి రాసుకున్నారు. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 350 మందిలో 55 మందికి మూర్ఛ రావడానికి ఈ సుగంధ నూనెలతో సంబంధం ఉందని తేలింది. ఎక్కువగా కనిపించిన దినుసులు నీలగిరి, కర్పూరమే. వారిలో అంతకుముందు మూర్ఛ జబ్బు లేనివారూ ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే ఈ రెండూ డిఫ్యూజర్‌లో వెయ్యకండి. ప్లగ్‌లో పెట్టి కరిగించే కర్పూరానికీ ఇదే వర్తిస్తుంది.

రెండేళ్ళ లోపు పిల్లలున్న గదిలో నీలగిరి, కర్పూరం, పుదీనా నూనెలు అసలు వద్దు. ఘాటైన మెంథాల్ వాసనకు చంటిపిల్లల గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడకపోవచ్చు. ఆస్తమా, సీఓపీడీ ఉన్నవారికి ఏ ఘాటు వాసనైనా ఆయాసం తెప్పించగలదు. విశ్రాంత సైనిక కుటుంబాలు ఎక్కువగా ఉండే యాప్రాల్, సైనిక్‌పురి ఇళ్ళల్లో వయసు పైబడినవారు చాలామందే ఉన్నారు. వారి గదిలో యంత్రం పెట్టే ముందు వారినే అడగండి, మొదటిరోజు ఒక్క చుక్కతో చూడండి. పిల్లి ఉంటే మరింత జాగ్రత్త. ఇలాంటి పదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పని పిల్లి కాలేయంలో చాలా తక్కువ. బొచ్చు మీద పడిన తుంపరను అది నాకేస్తుంది. టీ ట్రీ నూనె దానికి విషం. పంజరంలో లవ్ బర్డ్స్ ఉన్న గదిలో ఏ నూనే వద్దు.

నూనె కొనడం యంత్రం కొనడం కన్నా కష్టం. మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే, బోడుప్పల్‌లో, సీఎస్ఐఆర్ వారి కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. నిమ్మగడ్డి, పామరోజా లాంటి పంటలను రైతుల చేత వేయించి, నూనె తీయించే పనిలో ఉన్న సంస్థ అది. నూనె తీయడమంటే కోసిన గడ్డిని పెద్ద తొట్టిలో కూరి, కింద నుంచి ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి మీద తేలిన నూనెను వేరుచేయడం. క్వింటాలు నిమ్మగడ్డికి కిలో నూనె కూడా రాదు. గులాబీ అయితే కిలో నూనెకు మూడు నాలుగు వేల కిలోల రేకులు కావాలి. ఇది తెలిస్తే 150 రూపాయలకు దొరికే గులాబీ నూనె సీసాలో ఏముందో ఎవరైనా ఊహించగలరు. మల్లెపూల వాసన ఆవిరి వేడికి నిలవదు, దాన్ని ద్రావకాలతో తీస్తారు, ధర ఆకాశంలో ఉంటుంది. స్ట్రాబెర్రీకి, మామిడిపండుకు ఇలాంటి నూనెలే లేవు. అవి ప్రయోగశాలలో కలిపిన పరిమళాలు. వాటిని పలచన చేయడానికి కొన్నిసార్లు థాలేట్లు అనే రసాయనాలు కూడా వాడతారు.

నా సలహా ఏమిటంటే, చవగ్గా నిజాయితీగా దొరికే నూనెలనే ఎంచుకోండి. నిమ్మగడ్డి, పామరోజా అలాంటివి. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉండాలి. ఆ బ్యాచ్‌కు గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష నివేదిక అడగండి, మంచి అమ్మకందారు ఇస్తాడు. ముదురు రంగు గాజుసీసా కావాలి. తెల్లకాగితం మీద ఒక చుక్క వేస్తే నిమ్మగడ్డి నూనె మర్నాటికి జిడ్డు మరక లేకుండా ఆరిపోవాలి. మరక ఉంటే వంటనూనె కలిసినట్టే. అయితే కృత్రిమ పరిమళాలను ఈ పరీక్ష పట్టుకోలేదు. తెరిచిన సీసాను ఏళ్ళ తరబడి వాడకండి. గాలి తగిలి పాతబడిన నూనె చర్మానికి అలర్జీ కలిగిస్తుంది.

సహజం, పరిశుద్ధం అన్న మాటలు భద్రతకు హామీ కావు. 2021లో అమెరికాలోని జార్జియా, కాన్సాస్, మిన్నెసోటా, టెక్సాస్ రాష్ట్రాల్లో నలుగురికి మెలియాయిడోసిస్ అనే అరుదైన జబ్బు సోకింది. ఇద్దరు చనిపోయారు, వారిలో ఒకరు చిన్నపిల్లవాడు. ఎవరూ విదేశాలకు వెళ్ళలేదు. నెలల తరబడి వెతికాక ఆ జబ్బు క్రిమి ఒక లావెండర్, చామొమిల్ రూమ్ స్ప్రే సీసాలో దొరికింది. ఆ సీసా తయారైంది భారతదేశంలో. దక్షిణాసియా మట్టిలో, నీళ్ళలో ఉండే బ్యాక్టీరియా అందులో చేరింది. నీళ్ళు కలిసిన, ముందే తయారుచేసిన ద్రవాలు డిఫ్యూజర్ పేరుతో అమ్మితే కొనకండి.

దోమల మాటకొస్తే, సిట్రొనెల్లా వాసన కాసేపు వాటిని కొంత దూరం పెడుతుంది, త్వరగా ఆవిరైపోతుంది. డెంగీ కాలంలో దోమతెరకు, నీటి నిలవలు తొలగించడానికి అది ప్రత్యామ్నాయం కాదు. గాలిలోని వైరస్‌లను ఏ డిఫ్యూజరూ చంపదు.

యార్డు దుర్వాసన వచ్చిన రాత్రి డిఫ్యూజర్ పెట్టుకుని ఊరుకోకండి. తేదీ, సమయం, గాలి దిక్కు రాసి నగరపాలక సంస్థకు, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చెయ్యండి. ఆ పని ఏ నూనె చుక్కా చెయ్యలేదు.

నూనె సీసాలను పిల్లలకు అందని బీరువాలో తాళం వేసి ఉంచండి. ఒక చెంచాడు నీలగిరి తైలం మింగినా చిన్నపిల్లలకు మూర్ఛ, స్పృహ కోల్పోవడం జరగొచ్చు. అలా మింగితే వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, సీసాను కూడా ఆస్పత్రికి వెంట తీసుకెళ్ళండి.